తండ్రి వృత్తి

యూనివర్సిటీ అప్లికేషన్ ఫారంలో తండ్రి పేరు అని ఒక గడి ఉంటుంది. దాని కిందనే తండ్రి వృత్తి అని ఇంకో గడి. 1988లో ఎం.ఏ. ఇంగ్లీషుకు అప్లికేషన్ పెట్టేటప్పుడు ఆ రెండో గడిలో నేను 'వ్యవసాయం' అని రాసిన. మాకు గుంటెడు భూమి లేదు. మా తాతకు లేదు, ఆయన తండ్రికీ లేదు. మా నాయిన బొగ్గు బాయిలో ఫిల్లర్. షాట్ పేల్చినంక కూలిపడ్డ బొగ్గును చెమ్మాసుతోని తట్టకెత్తి, ఆ తట్టలు మోసి టబ్బు నింపేటోడు. మా మాదిగవాడ నుంచి బాయికి పోయినోళ్ళల్ల ఎక్కువమంది చేసింది ఆ పనే.

"ఏం రాసినవ్ రా?" అని అడిగిండు నాయిన, కింద సంతకం పెట్టే ముందు.

"నీ పనే రాసిన నాయినా."

ఆయన తల ఊపి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంట సంతకం పెట్టిండు.

వ్యవసాయం అని రాస్తే భూమి ఉన్నట్టు అనిపిస్తది. అందుకే రాసిన. నాకొక సాకు కూడా ఉండె. నాయినకు రెండు పేర్లు. ఇంట్లో ఒకటి, మస్టరులో ఒకటి. మా దిక్కు బాయిలల్ల ఇది కొత్త ముచ్చట కాదు. ఒకరి పేరు మీద ఇంకొకరు పనిలో చేరినోళ్ళు ఎంతోమంది. మారుపేర్లోళ్ళు అంటరు. ఫారం మీద ఒక పేరు, బాయిలో ఒక పేరు ఉంటే రేపు ఏం మీదికొస్తదో అని భయపడి రాయలేదు అని నాకు నేను చెప్పుకున్న. అది భయం కాదు, సిగ్గు.

ఆ సిగ్గు ఎవరిది, నాలోకి ఎట్లా వచ్చింది, తండ్రిని చూసి సిగ్గుపడినవాడు ఏం తప్పు చేసినట్టు? ఈ ప్రశ్నలు నన్ను చాలా ఏండ్లు వదల్లేదు. వాటి గురించి మొదటిసారి గట్టిగా ఆలోచించాల్సి వచ్చింది మా వాడలో కాదు, మీటింగుల్లో కాదు. నూరేండ్ల కిందటి ఇంగ్లీషు నవలల్లో. వెతికితే దొరికినవి కావు అవి. సిలబస్‌లో ఉన్నాయి కాబట్టి ఒకటి చదివిన. ఆ ఒకటీ నన్ను మిగతావాటి దగ్గరికి తోలింది.

మొదటిది డి.హెచ్.లారెన్స్ 'సన్స్ అండ్ లవర్స్'. 1913లో వచ్చింది. నాటింగ్‌హామ్ దగ్గర ఈస్ట్‌వుడ్ అనే బొగ్గు గనుల ఊళ్ళో లారెన్స్ పుట్టాడు. తండ్రి ఆర్థర్ బొగ్గు గని కార్మికుడు. తల్లి లిడియా కొంచెం చదువుకున్న ఇంటి నుంచి వచ్చింది. నవలలో వీళ్ళే వాల్టర్ మోరెల్, గెర్‌ట్రూడ్ మోరెల్. కొడుకు పాల్ అంటే దాదాపు లారెన్సే. తండ్రి తాగుతాడు, కొడతాడు, యాసలో మాట్లాడతాడు. తల్లి పుస్తకాలు చదువుతుంది, చర్చి పాస్టరుతో సమానంగా మాట్లాడుతుంది, కొడుకులను గనిలోకి దిగనివ్వనని పట్టుబడుతుంది. పిల్లలంతా తల్లి వైపు. తండ్రి తన ఇంట్లో తాను పరాయివాడు.

క్లాసులో ఈ నవల అంటే ఈడిపస్ కాంప్లెక్సు. తల్లి ప్రేమ కొడుకును ఎట్లా కట్టేసింది, మిరియంను ఎందుకు ప్రేమించలేకపోయాడు, క్లారాతో ఏమైంది. పరీక్షలో వచ్చే ప్రశ్నలు కూడా అవే. వారం రోజుల లెక్చర్లలో బొగ్గు అనే మాట వచ్చినట్టు నాకు యాది లేదు. మోరెల్ గురించి సార్ చెప్పింది ఒక్కటే మాట: మోటువాడు. అందరితో పాటు నేనూ నోట్సులో రాసుకున్న.

ఆ రాత్రి హాస్టల్లో పుస్తకం తీసి చదువుతుంటే మోరెల్ స్నానం చేసే చోటు వచ్చింది. గని నుంచి వచ్చినవాడి వీపును భార్య రుద్దుతుంది. మంచి ఒళ్ళు. దాని మీద నీలం మచ్చలు, పచ్చబొట్టు పొడిచినట్టు. గాయమైనప్పుడు బొగ్గు పొడి లోపలే ఉండిపోయి, మీద తోలు మూసుకుంటే మచ్చ నీలంగా మిగులుతుంది. నేను పుస్తకం మూసేసిన. మా నాయిన కుడి భుజం మీద అసుమంటివే మూడు. ఎడమ మోకాలు కింద ఒకటి. చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టి గీసుకుంట "ఇది ఏంది, ఇది ఏంది" అని అడిగేటోన్ని. ఆయన "ఇది వాగు, ఇది గుట్ట" అని ఏదో ఒకటి చెప్పేటోడు. ఇంగ్లండులో ఒక తెల్లవాడి ఒంటి మీద మా నాయిన మచ్చలు కనపడితే ఎట్లుంటదో చెప్పలేను. పొద్దుగాల సార్ చెప్పిన మోటువాడు అనే మాట నా నోట్సులో నా చేతిరాతతోనే ఉంది.

అదే నవలలో జీతాల రోజు ఒకటుంది. శుక్రవారం పాల్ గని ఆఫీసుకు పోయి తండ్రి ముఠా డబ్బు తేవాలి. లోపల నిండా గని కార్మికులు. పిల్లవాడు గోడకు నలిగిపోయి నిలబడతాడు. గుమాస్తా 'మోరెల్' అని పిలిస్తే గొంతు పెగలదు. గుమాస్తాల్లో ఒకాయన ఇతనేనని చూపిస్తే కార్మికులు పక్కకు జరుగుతారు. డబ్బు లెక్క పెట్టుకోవడం చేతకాదు, అందరూ నవ్వుతారు. ఇంటికొచ్చి ఇంకెప్పుడూ పోనని తల్లి ముందు ఏడుస్తాడు. ఏడుస్తూ వాడు చేసే ఫిర్యాదు చూడండి. ఆ గుమాస్తాల్లో ఒకాయన 'హ' పలకడట. ఇంకొకాయన వ్యాకరణం తప్పు మాట్లాడతాడట. మన దగ్గర ఒత్తులు పలకనోన్ని వెక్కిరించడం లాంటిదే. అవమానపడ్డ పసివాడికి దొరికిన ఆయుధం అదీ. ఎవరిచ్చారు ఆ ఆయుధం? తల్లి. తల్లికెవరిచ్చారు? ఆమె తండ్రి ఇల్లు. తండ్రి ఇంజనీరింగ్ పనిలో ఉన్నవాడు, గర్వం ఎక్కువ, కూతురికి కూడా అదే నేర్పాడు.

నాకు తొమ్మిదేండ్లప్పుడు నేను కూడా జీతాల రోజు నాయిన వెంట పోయిన. కిటికీ ముందు పెద్ద లైను. లోపలి నుంచి గుమాస్తా ఏదో పేరు పిలిచిండు. నాయిన చెయ్యెత్తి ముందుకు పోయిండు. నేను ఆయన అంగీ గుంజి, "నాయినా, పిలిచింది నిన్ను కాదు" అన్న. ఆయన ఏమనలేదు. నా వేళ్ళు నొప్పి పుట్టేటట్టు పట్టుకున్నడు. పైసలు తీసుకొని, వేలిముద్ర వేసి, గేటు దాటినంక, "బాయి కాడ నా పేరు అదే బిడ్డా, ఇగ నువ్వు ఎప్పుడూ అట్ల అనకు" అన్నడు. సంతకం చెయ్యొచ్చిన మనిషి. కానీ ఆ పేరు గల మనిషికి సంతకం రాదు గనక వేలిముద్ర.

పాల్‌ను తన పేరుతో పిలిస్తే గొంతు రాలేదు. మా నాయిన పరాయి పేరుతో పిలిచినా ఠక్కున పలికిండు. ముప్పై రెండేండ్లు అట్లనే పలికిండు. రిటైరైన రోజు మెడలో పడ్డ దండ కూడా ఆ పేరుకే పడ్డది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలె. నాయిన గురించి ఇట్ల రాస్తుంటే ఆయన దేవుడైపోతడు. ఆయన దేవుడు కాదు. జీతాల రోజు రాత్రి మా గుడిసెలో ఏం జరిగేదో మా అవ్వకు తెలుసు, నాకు తెలుసు. సారా తాగి వచ్చేటోడు. అవ్వ గాజులు పగిలిన రాత్రులు ఉన్నయి. ఒకసారి అవ్వ నన్ను చంకనేసుకొని రైలు కట్ట పక్క చింతచెట్టు కింద తెల్లారేదాక కూచున్నది. మోరెల్ కూడా కడుపుతో ఉన్న భార్యను రాత్రిపూట బయటికి నెట్టి తలుపు గడియ పెడతాడు. ఇంకోసారి టేబులు సొరుగు విసిరితే ఆమె నుదురు చిట్లి, ఒళ్ళో ఉన్న పసిపిల్లవాడి జుట్టు మీద నెత్తురు చుక్కలు పడతాయి. ఆ పసిపిల్లవాడే పాల్. ఈ పేజీలు చదివిన ఏ ఆడమనిషికైనా మోరెల్ మీద జాలి కలగకపోతే నేను తప్పు పట్టను. కార్మికుడు గదా, పీడితుడు గదా అని ఆ దెబ్బలను దాటేసే ఉపన్యాసాలు మనం చాలా విన్నాం. వాటిని మన అక్కచెల్లెళ్ళు సరిగ్గానే నిలదీశారు.

కాబట్టి నేను రెండింటిని విడదీసి చూడాలనుకుంటున్న. తండ్రి మీద కోపం వేరు. తండ్రిని చూసి సిగ్గు వేరు. కోపం ఆయన చేసిన పనికి. సిగ్గు ఆయన ఉన్న తీరుకు. ఆయన చేతులకు, భాషకు, తినే పద్ధతికి, ఒంటి మీది మసికి. కొట్టినవాడి మీద కోపం న్యాయం. అది దెబ్బ తిన్నవాళ్ళది, ఇంకెవరూ చెప్పనక్కర లేదు. సిగ్గు మాత్రం సొంతంగా పుట్టదు. అది బయట ఎవరి కళ్ళల్లోనో ఉంటది. మనం దాన్ని అరువు తెచ్చుకొని ఇంట్లోకి మోసుకొస్తం. మిసెస్ మోరెల్ చేసిందేమిటంటే రెండింటినీ కలిపేసింది. ఆమె కోపంలో నూటికి నూరు పాళ్ళు న్యాయం ఉంది. ఆ కోపంతో పాటు తన పుట్టింటి తరగతి గర్వాన్ని కూడా పిల్లల నోట్లో పోసింది. పిల్లలకు రెండూ ఒకటే రుచి అనిపించింది. మోరెల్ సాసరులో పోసుకొని టీ తాగడం, భార్యను కొట్టడం ఆ పిల్లల లెక్కలో ఒకే పుస్తకంలో పడే రెండు తప్పులు.

చిన్న పాల్‌కు పిల్లల పత్రిక పోటీలో బహుమతి వస్తది. తండ్రికి నువ్వే చెప్పు అంటది తల్లి. వాడు చెప్తడు. తండ్రి ఏదో అడుగుతడు. వాడు ముక్తసరిగ జవాబిస్తడు. ఇద్దరి మధ్య మాట ఆగిపోతది. అంతే. దెబ్బ లేదు, తిట్టు లేదు. ఆ నవలలో నన్ను ఎక్కువ బాధపెట్టిన చోటు అదే. ఎందుకంటే నాకు టెన్తులో ఫస్టుక్లాసు వచ్చినప్పుడు మా గుడిసెలో సరిగ్గా అట్లనే జరిగింది. "ఎన్ని మార్కులకు ఎన్ని?" అన్నడు నాయిన. చెప్పిన. "మంచిదే" అన్నడు. ఆయన ఇంకేదన్న అడుగుతడని నేను నిలబడలేదు.

అయితే మా అవ్వ మిసెస్ మోరెల్ కాదు. అవ్వకు చదువు రాదు. ఆమె తండ్రి ఇంజనీరు కాదు, చెప్పులు కుట్టినోడు. నాయిన మాట తీరును ఆమె ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు, ఆమె మాట తీరు కూడా అదే. తాగి కొట్టినప్పుడు నోరు నిండా తిట్టేది. తెల్లారి ఆయన చేతి పుండ్లకు పసుపు పెట్టేది. మరి నాలోకి సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది? నా మిసెస్ మోరెల్ బడిలో ఉన్నది. ఆరో తరగతిలో "నిన్న ఎందుకు రాలే?" అంటే "బాయి కాడికి పోయిన సార్" అన్న. "పోయిన ఏందిరా, వెళ్ళాను అనాలి" అన్నడు. క్లాసంతా నవ్వింది. ఆ సారు చెడ్డోడు కాదు. నాకు నోటుబుక్కులు కొనిచ్చిండు కూడా. ఆ రోజు నుంచి నేను ఇంట్లో తక్కువ మాట్లాడుడు మొదలుపెట్టిన. వాళ్ళ భాష నోటికి ఇంకా పూర్తిగ రాలేదు, మా భాష నోట్లోంచి పోతున్నది.

లారెన్స్ తన నవలలో మోరెల్ మాటలను యాసలో రాశాడు. కథ చెప్పే గొంతు మాత్రం చదువుకున్న ఇంగ్లీషు. తండ్రి కోట్స్ లోపల, కొడుకు కోట్స్ బయట. నేను ఇప్పుడు చేస్తున్నది కూడా అదే గదా! ఎంత ప్రయత్నం చేసినా ఈ వ్యాసంలో నాయిన కోట్స్ లోపలే ఉన్నడు.

ఈ నవల చదివినంక నాకొక పిచ్చి పట్టింది. ఆ కాలపు ఇంగ్లీషు పుస్తకాల్లో పిల్లలెట్లున్నరు, వాళ్ళ తల్లిదండ్రులెట్లున్నరు, వాళ్ళింట్ల పొయ్యి ఎవరు రాజేస్తరు అని వెతుక్కుంట చదవడం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత బొమ్మల పుస్తకం దొరికింది. ఈ.నెస్బిట్ రాసిన 'ది రైల్వే చిల్డ్రన్', 1906 నాటిది. మంచి ఇంటి పిల్లలు ముగ్గురు. తండ్రిని తప్పుడు కేసులో జైల్లో వేస్తారు. తల్లి పిల్లలను తీసుకొని పల్లెలో రైలు కట్ట దగ్గరి ఇంట్లో కాపురం పెడుతుంది. డబ్బు తక్కువ, బొగ్గు ఖరీదు, అందుకని జూన్ నెలలో పొయ్యి వెలిగించవద్దంటుంది. పీటర్ అనే కొడుకు స్టేషన్ యార్డులోని కుప్ప నుంచి రాత్రిపూట బొగ్గు తెస్తాడు. దానికి గని తవ్వకం అని పేరు పెడతాడు. స్టేషన్ మాస్టర్ పట్టుకుంటాడు. కుప్ప అంచున తీస్తే దొంగతనం కావచ్చు గానీ నడుమ నుంచి తీస్తే గని తవ్వినట్టే కదా అని ఆ పిల్లవాడి వాదన. మాస్టరు వాళ్ళ ముఖాలు చూస్తాడు, బట్టలు చూస్తాడు. ఇంత మంచి బట్టలేసుకున్న పిల్లలు ఇట్లాంటి పని ఎందుకు చేశారని ఆశ్చర్యపోతాడు. మందలించి, ఈసారికి వదిలేస్తాడు.

నాకు పదేండ్లప్పుడు అవ్వతో పాటు సైడింగ్ కాడ బొగ్గు పెళ్ళలు ఏరేటోన్ని. వ్యాగన్ల నుంచి జారిపడ్డవి. ఒకనాడు కాపలా మనిషి వచ్చి అవ్వ గంప తన్నిండు. నన్ను చెవి పట్టి లేపి, "ఏ వాడ?" అని అడిగిండు. చెప్పిన. అప్పుడు కొట్టిండు. ముందు అడిగి, తర్వాత కొట్టిండు. అది యాదికుంది. ఆ పొద్దు నాయిన మొదటి షిఫ్టులో ఉన్నడు. అదే బొగ్గును భూమి కింద టబ్బుల కొద్దీ ఎత్తుతున్నడు.

పీటర్ను కూడా ప్రశ్నే అడిగారు, నన్నూ ప్రశ్నే అడిగారు. ఏది దొంగతనం అనే ధర్మశాస్త్రం ఆ ప్రశ్నకు వచ్చే జవాబులో ఉంటది, బొగ్గులో ఉండదు. నెస్బిట్ దుర్మార్గురాలు కాదు. 1884లో ఫేబియన్ సొసైటీని మొదలుపెట్టినవాళ్ళలో ఆమె ఒకరు, సోషలిస్టు. పేదరికం తెలిసిన మనిషి. ఆమె పుస్తకంలో పెర్క్స్ అనే రైల్వే పోర్టరు, ఈ పిల్లలు తన పుట్టినరోజుకు ఊరంతా తిరిగి కానుకలు పోగుచేసుకొస్తే, నేను బిచ్చగాన్నా అని మండిపడతాడు. ఆ కోపం ఆమెకు అర్థమైంది. కాకపోతే కాసేపటికి ఆయనను చల్లార్చి కానుకలు తీసుకునేట్టు చేసింది. పెర్క్స్ పిల్లలు బొగ్గు తీస్తే స్టేషన్ మాస్టర్ ఏం చేసేవాడో ఆమె రాయలేదు.

ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 'ఎ లిటిల్ ప్రిన్సెస్' గురించి ఎక్కువ చెప్పను. 1905. సారా క్రూ అనే అమ్మాయి తండ్రి ఇండియాలో సైనికాధికారి. వజ్రాల గనుల్లో డబ్బు పెడతాడు, చచ్చిపోతాడు. సారా తాను చదివిన లండన్ బడిలోనే పనిమనిషి అవుతుంది. అటక గదిలో ఆకలితో ఉన్నా లోపల నేను రాకుమారినే అనుకుంటుంది. చివరికి గనుల డబ్బు తిరిగొస్తుంది. పక్క గదిలో బెకీ అనే ఇంకో పనిపిల్ల ఉంటుంది. ఆమె మొదట్లో పనిపిల్ల, చివర్లో సారా దగ్గర పనిపిల్ల. ఆమె లోపల ఎవరున్నారో పుస్తకం అడగదు. మరి ఆ గనుల్లో దిగినవాళ్ళు? ఒక్కచోట కనపడతారు. సారా తోటిపిల్లలకు గని గురించి ఊహించి చెప్పేటప్పుడు, మెరిసే రాళ్ళను తవ్వుతున్న వింతైన నల్లమనుషులుగా. ఒక్క వాక్యం. మా నాయిన అసుమంటోళ్ళకు పిల్లల సాహిత్యం ఇచ్చిన జాగ అంతే.

మళ్ళీ లారెన్స్ దగ్గరికే వస్త. ఆయనతో నాకు ఉన్న చుట్టరికం ఎక్కడ తెగిందో చెప్పకపోతే అబద్ధమైతది. పాల్ ఊరి బయట లీవర్స్ వాళ్ళ పొలానికి పోతుంటడు. మిరియం వాళ్ళిల్లు. బొగ్గు గని కార్మికుడి కొడుకు రైతు ఇంట్లో, అందరితో పాటు బల్ల దగ్గర కూచొని తింటడు. ఆ ఇంటి తల్లి వడ్డిస్తది. ఆమె కొడుకులు కొంచెం మోటుగ ఉంటరు గానీ పక్కనే కూచుంటరు. నవలలో దీన్ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవలసిన విషయమే కాదు అక్కడ. నేను ఆ పేజీ దగ్గర ఆగిపోయిన. మా అవ్వ పుట్టిన ఊళ్ళో రైతుల ఇండ్ల ముందట దోసిలి పట్టి నిలబడితే పై నుంచి నీళ్ళు పోసేటోళ్ళు. నేను తాగిన అట్ల. ఇంగ్లండు తరగతి భేదం నాలుక మీద ఉంది, చేతుల మీద ఉంది. నాలుక మారితే, చేతులు మెత్తబడితే మనిషి దాటిపోగలడు. పూర్తిగా కాకపోయినా సగం దాటగలడు. లారెన్స్ 1898లో స్కాలర్‌షిప్ మీద నాటింగ్‌హామ్ హైస్కూలుకు పోయాడు, టీచరయ్యాడు, రచయితయ్యాడు. నా నాలుక కూడా మారింది. ఇంగ్లీషులో పాఠం చెప్తున్న. అయినా నాకు గది అద్దెకిచ్చే ముందు అడిగే ప్రశ్న ఆ కాపలా మనిషి అడిగిందే. కొంచెం మర్యాదగ అడుగుతరు.

మరి సిగ్గుపడి నేను సాధించిందేంది? పాల్ తండ్రిని వదులుకుంటే వాడికి ఎంతో కొంత దక్కింది. నేను నాయినను గడిలోంచి కొట్టేస్తే నాకు దక్కింది ఒక అబద్ధం మాత్రమే.

ఆ కాలంలోనే ఇంకో పుస్తకం ఉంది. అది నాకు ఏ సిలబస్‌లోనూ రాలేదు, ఒక యూనియన్ మిత్రుడు ఇచ్చిండు. రాబర్ట్ ట్రెసెల్ రాసిన 'ది రాగెడ్ ట్రౌజర్డ్ ఫిలాంత్రోపిస్ట్స్'. ఇండ్లకు రంగులేసే కూలీల కథ. రాసినవాడు కూడా హేస్టింగ్స్‌లో రంగులేసినవాడే. అసలు పేరు రాబర్ట్ నూనన్. తన పేరుతో రాస్తే పని దొరకదని భయం. రంగులేసేటోళ్ళు వాడే బల్లకు ఇంగ్లీషులో ట్రెసిల్ అంటరు. ఆ పనిముట్టు పేరునే మారుపేరు చేసుకున్నడు. మా నాయిన కూలి కోసం మారుపేరు పెట్టుకున్నడు, ఈయన రాయడం కోసం పెట్టుకున్నడు. కానీ ఆ పేరులోకి తన పనిని ఎక్కించిండు. నేను ఫారంలోంచి దించింది సరిగ్గ దాన్నే!

ఆ నవలలో ఫ్రాంకీ అనే చిన్నపిల్లవాడు మనమెందుకు ఇట్లున్నం అని అడుగుతడు. తల్లి కూచోబెట్టి చెప్తది, ఎవరు పని చేస్తరు, ఎవరు తింటరు అని. తండ్రి ఓవెన్ ఊపిరితిత్తుల జబ్బుతోని దగ్గుకుంట అందరితోని వాదిస్తడు. ఇల్లు నిండా ఆకలి ఉంది, చావాలన్నంత నిరాశ ఉంది. ఆ పిల్లవాడికి తండ్రిని చూస్తే సిగ్గు మాత్రం లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి వాడికి ఆ సిగ్గు అంటనియ్యలేదు. నవలగా చూస్తే లారెన్స్‌ది గొప్పది, ఇది అక్కడక్కడ ఉపన్యాసం. ఒప్పుకుంట. కానీ నా పదేండ్ల వయసులో ఎవరైనా నాకు చదివి వినిపించి ఉంటే బాగుండేదనిపించేది ఇదే.

నూనన్ రాతప్రతిని ఎవరూ అచ్చు వెయ్యలేదు. 1911లో లివర్‌పూల్‌లో చనిపోయిండు, దిక్కులేనోళ్ళ గుంటలో పూడ్చిపెట్టిన్రు. బిడ్డ కాథ్లీన్ ఒక ఇంట్లో పిల్లలను చూసుకునే పనిలో ఉండేది. తండ్రి కాగితాలు దాచింది. ఎవరికో చూపించింది. 25 పౌండ్లకు హక్కులన్నీ పోయినయి. 1914లో చాలా భాగం కత్తిరించి వేసిన్రు. పూర్తి పుస్తకం రావడానికి 1955 దాకా పట్టింది. నలభై యేండ్లకు పైగా కార్మికులు ఆ కత్తిరించిన పుస్తకాన్నే చేతులు మార్చుకొని చదువుకున్నరు. తండ్రి వృత్తి అనే గడిలో ఆ బిడ్డ ఏం రాసి ఉంటదా అని నేను చాలాసార్లు అనుకున్న.

లారెన్స్‌కు కూడా తర్వాత ఏదో గుచ్చుకుంది. తండ్రికి అన్యాయం చేశానని పెద్దయ్యాక అన్నాడని ఆయన స్నేహితులు రాశారు. 1929లో, చనిపోయే ముందు ఏడాది, తమ ఊరి గనుల గురించి రాసిన వ్యాసంలో భూమి కింద మగవాళ్ళ మధ్య ఉండే దగ్గరితనాన్ని ఎంతో ఇష్టంగా తలుచుకున్నాడు. నిజానికి నవలలోనే ఆ సాక్ష్యం ఉంది. మోరెల్ తెల్లవారుజామున లేచి, ఒక్కడే పొయ్యి ముందు కూచొని, ముల్లు చెంచాకు మాంసం ముక్క గుచ్చి కాల్చుకుంటూ, కారే కొవ్వును రొట్టె మీద పట్టుకుంటూ సంతోషంగా ఉంటాడు. గడ్డిపోచల్లో మందు కూరి షాట్లకు వత్తులు చేస్తుంటే పిల్లలు చుట్టూ మూగుతారు. గనిలోని గుర్రం పొగాకు కోసం ఎట్లా ముట్టెతో పొడుస్తదో కథలు చెప్తాడు. పెద్దకొడుకు విలియం చనిపోతే ఆ తర్వాత ఆ స్మశానం వైపు నడవడు, కొడుకు పనిచేసిన ఆఫీసు ముందు నుంచి పోడు. ఇవన్నీ చూసింది కూడా ఆ కొడుకు కన్నే. అరువు సిగ్గు మూసిన కన్ను కూడా అప్పుడప్పుడు తెరుచుకుంటది. అట్ల తెరుచుకున్నప్పుడు కనపడ్డదాన్ని లారెన్స్ కొట్టేయలేదు. అందుకే ఆయనతో ఇంకా మాట్లాడబుద్ధి అయితది నాకు.

నాయిన రిటైరైనంక, 1999 ఎండకాలం సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఆయనకు ఈ కథ చెప్పిన. వాకిట్ల మంచం మీద కూచున్నడు. అప్పటికే దమ్ము ఎక్కువైంది. ఫారం సంగతి ముందు చెప్పుదామనుకున్న. నోరు రాలేదు. కథే చెప్పుడు మొదలుపెట్టిన. ఆయన నడుమ నడుమ ఆపి అడిగేటోడు. ఆ బాయి ఎంత లోతు? టబ్బుకు ఎంత? గుర్రాలు లోపలనే ఉంటయా, పైకి తెస్తరా? నాకు సగం తెల్వదు. మాంసం ముక్క కాల్చుకునే కాడ నవ్విండు. "మంచి మొగోడే. పెండ్లాన్ని లేపకుండ తనే వండుకున్నడు." తలుపు గడియ పెట్టిన కాడ నవ్వలేదు. లోపల అవ్వ గిన్నెలు తోముతున్న చప్పుడు వినుకుంట చాలాసేపు కూచున్నడు.

"ఇవన్ని రాసింది ఆ పిలగాడేనా?"

"అవ్ నాయినా. కొడుకే రాసిండు."

"వాళ్ళయ్య చదివిండా మరి?"

ఈ పుస్తకం సంగతి తెల్వదు గానీ, లారెన్స్ మొదటి నవల 1911లో వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆయనే రాసుకున్నడు. ఆ ముచ్చట చెప్పిన. తండ్రి కష్టపడి అర పేజీ చదివిండట. అర్థం కాలేదట. దీనికి నీకెంత ఇచ్చిన్రు అని అడిగిండట. యాభై పౌండ్లు అన్నడట కొడుకు. తండ్రి నోరు తెరిచి, ఒక్కనాడు ఒళ్ళు వంచి కష్టం చెయ్యనోనికి యాభై పౌండ్లా అన్నడట.

నాయినకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి దగ్గు తెర వచ్చింది. అవ్వ బయటికొచ్చి వీపు రాసింది. మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకొని, నా దిక్కు చూసిండు.

"మరి నీకు ఎంత ఇస్తున్నరు బిడ్డా, ఈ కథలు చెప్పినందుకు?"

చెప్పిన. ఆయన కండ్లు మూసుకొని వేళ్ళ మీద లెక్క పెట్టుడు మొదలుపెట్టిండు, అది ఎన్ని టబ్బులైతదో.